జానెడు గొట్టం

ఇలా దగ్గరికి జరగండర్రా, ఆ తలుపు కాస్త చేరవేసి రండి. మంత్రిగారి గొప్పతనం చెప్పుకునేటప్పుడు నెమ్మదిగా చెప్పుకోవాలి.

ఆరోగ్య మంత్రిగారికి ఒకరోజు పొద్దున్నే జనం మీద దయ పుట్టుకొచ్చింది. మింగలేని రోగి ఎవడైనా సరే, ఆస్పత్రిలో అడుగుపెట్టిన గంటలో ముక్కులోంచి కడుపుదాకా గొట్టం వేసి పాలు పోయాలన్నారు. పథకం పేరు ‘ప్రతి ముక్కుకీ గొట్టం’. టార్గెట్ నూటికి నూరు. అంత పెద్దాయన మన ముక్కుల దాకా దిగొచ్చి ఆలోచించడం మామూలు సంగతా?

పెద్దాస్పత్రిలో ప్లాస్టరమ్మని ఒక నర్సుండేది. కత్తిరించిన ప్లాస్టరు ముక్కలు మోచేతి పొడుగునా అంటించుకుని తిరిగేది, అందుకే ఆ పేరు. సరిగ్గా మంత్రిగారు తనిఖీకొచ్చే రోజే, ఒక తాపీమేస్త్రీ పరంజా మీంచి బోర్లా పడి ఆవిడ వార్డుకొచ్చాడు. మొహంలో ఎముకలు నుగ్గునుగ్గు. పెళ్లాం మంచం కోడు వదలకుండా, “అక్కా, ఈయన కడుపులోకి ఏదైనా పోయే దారుందా?” అని ఒకటే అడగడం.

ఉందంది ప్లాస్టరమ్మ. డాక్టరు కూడా నోట్లోంచే వెయ్యమన్నాడు. ఇంతలో సూపరింటెండెంటు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు, ముక్కులోంచే వెయ్యాలని.

“ముక్కు వెనకాల ఎముక పగిలింది సార్. గొట్టం తోస్తే కడుపులోకి కాదు, మెదడులోకి పోతుంది.”

“ఫారంలో నోరు అన్న కాలమ్ లేదమ్మా.”

“మనిషికుంది కద సార్.”

పాపం మంచివాడే, కాసేపు ఆలోచించాడు కూడా. “మెదడు అన్న కాలమూ లేదు. అటు పోయినా రాయాల్సిన పనుండదు. మినిస్టరుగారొచ్చేసరికి ముక్కు దగ్గర గొట్టం కనబడాలి,” అని వెళ్లిపోయాడు.

కనబడాలి అన్నాడు కదా. ప్లాస్టరమ్మ అసలు గొట్టం నోట్లోంచి వేసింది, ఎక్స్‌రేలో కొస కడుపులోనే ఉందని చూసుకుంది, పైన పల్చటి గుడ్డ కప్పింది. ఇంకో గొట్టంలోంచి జానెడు ముక్క కోసి, నుదుటి కట్టుకి ప్లాస్టరేసి, ముక్కు ముందర వేలాడదీసింది. లోపలికి గింజంత కూడా పోలేదు.

మంత్రిగారు తొమ్మిది కెమెరాలతో వచ్చారు. ముక్క చూసి ముచ్చటపడ్డారు.

“రెండో కొస ఎక్కడికి పోతుందమ్మా?”

“నుదుటి కట్టు కిందికి సార్.”

“శుభ్రంగా ఉంది. ఇదే మోడల్.”

వారం తిరక్కుండా జీవో వచ్చింది. జానెడుతో జరిగేదానికి మూరలు మూరలు వాడుతున్నారట; పొడుగు గొట్టాలన్నీ వెనక్కి పంపాలట. మంత్రిగారి బొమ్మున్న పెట్టెల్లో జానెడు ముక్కలు దిగాయి. గుమాస్తా పొడుగువి ఏరుకుపోతుంటే, ప్లాస్టరమ్మ మేస్త్రీకి దుప్పటి గడ్డందాకా లాగింది. టార్గెట్ నూటికి నూట పన్నెండొచ్చింది.

ఆ మర్నాడు మిట్టమధ్యాహ్నం వార్డు ఫోను మోగింది. స్వయానా మంత్రిగారే. గొంతు బాగా తగ్గించారు.

“మా మామగారు మింగలేకపోతున్నారమ్మా. ఆ పాతది, పొడుగుది, ఒక్కటైనా మిగిలిందా?”

“ఒకటుంది సార్.”

“కారు పంపుతా. ఎక్కడుంది?”

ప్లాస్టరమ్మ మంచం వైపు చూసింది. మేస్త్రీ పెళ్లాం పాలు పోస్తోంది, చుక్క ఒలక్కుండా.

“మేస్త్రీ కడుపులో ఉంది సార్.”

ఇదర్రా సంగతి. జ్ఞాపకం పెట్టుకుని నలుగురికీ చెప్పండి. చెప్పేటప్పుడు మాత్రం ఆ గొట్టం జానెడే సుమా, పెంచకండి.