గ్యాసు పైపుకి నాలుగు చుట్లు

వట్లూరు శివార్లలోని మా కాలనీలో, పద్నాలుగో నంబరు ఇంటినుంచి గడిచిన ఆరేళ్లలో ఒక్క వస్తువు కూడా చెత్తబండి ఎక్కలేదని సంక్షేమ సంఘం కార్యదర్శిగా తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. విరిగినవి, పగిలినవి, చిరిగినవి, కారుతున్నవి అన్నీ టేపు వేయించుకుని యథాప్రకారం సేవలందిస్తున్నాయి.

ఆ ఇంటి యజమాని కోదండరామయ్యగారు. కొల్లేరు చేపల్ని ఐసుతో సహా పెట్టెల్లో సర్ది హౌరా పంపే ఒక కంపెనీలో ముప్పయ్యేళ్లు ప్యాకింగ్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. ఆయన టేపు వేసిన పెట్టె దారిలో ఊడిపోయిందన్న ఫిర్యాదు ఒక్కటీ లేదు. లోపలి చేప పాడైందన్న ఫిర్యాదులు వచ్చాయి గాని, అది చేప తప్పు.

రిటైరైన మర్నాడే ఆయన ఇంటి మీద పడ్డారు. కుర్చీ కాలికి బ్రౌన్ టేపు. కళ్లజోడుకి నల్ల టేపు. బకెట్‌కి లోపల ఒక వరస, బయట ఒక వరస. టీవీ రిమోట్‌కి ఎంత శ్రద్ధగా చుట్టారంటే సౌండు తగ్గించే మీట లోపలే ఉండిపోయింది. అప్పటినుంచి ఆ ఇంటి వార్తలు వీధంతా వింటోంది. భార్య వెంకటనరసమ్మగారు ఆ కుర్చీలో కూర్చోవడం మానేసి వాకిట్లో మెట్ల మీద కూర్చునేవారు. ఆవిడకి చల్లగాలి ఇష్టం కాబోలని మేమంతా అనుకున్నాం.

కాలనీకి ఆయన చేసిన సేవ కూడా తక్కువది కాదు. టేపు చుట్టలో కొస ఎక్కడుందో వెతికి వెతికి గోళ్లు అరిగిపోయినవాళ్లందరం ఆయన దగ్గరికే వెళ్లేవాళ్లం. ఆయన కళ్లు మూసుకుని, బొటనవేలితో ఒక్కసారి తడిమి, కొస పట్టి లాగి, చివర అంగుళం మడిచి ఇచ్చేవారు. “కొస మడవని మనిషికి క్రమశిక్షణ ఉండదండీ” అనేవారు. ఆ మాటను మేము సంఘం బోర్డు మీద రాయించాం. బోర్డుని డబుల్ సైడ్ టేపుతో గోడకి ఆయనే అంటించారు. ఇప్పటికి రెండుసార్లు పడింది. ఎవరి నెత్తినా పడలేదు కాబట్టి పడినట్టు లెక్క కాదు.

వేసవిలో తాడేపల్లిగూడెంలోని మరదలు నాగరత్నంగారికి ఆవకాయ జాడీ ప్యాక్ చేసి పంపారు. పదిహేను రోజుల తర్వాత ఆవిడ ఫోన్ చేసి, “బావగారూ, ఆవకాయ క్షేమంగా అందిందండీ. మేమే ఇంకా దాని దాకా వెళ్లలేకపోయాం” అన్నారు. ఆయన పొంగిపోయి, స్పీకరు పెట్టి, మా అందరి ముందూ ఆ మాట మళ్లీ చెప్పించుకున్నారు.

పక్కింటి విక్టోరియాగారు హైస్కూల్లో సైన్సు టీచరు. పిల్లల ప్రదర్శనకి ఏదైనా చేసిపెట్టమని అడిగితే కోదండరామయ్యగారు అట్టముక్కలతో, టేపుతో నిలువెత్తు గూడబాతుని తయారుచేశారు. ప్రారంభోత్సవానికి వచ్చిన మా సంఘం అధ్యక్షులు అబ్బాయిరాజుగారు దాన్ని ఆప్యాయంగా దగ్గరికి తీసుకున్నారు. ముక్కు ఊడి ఆయన పట్టు కండువాకి అంటుకుపోయింది. “కొల్లేరు పక్షులను గుండెలకు హత్తుకోవలసిన బాధ్యత మనందరిపైనా ఉంది” అని ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడారు. అంతసేపూ ముక్కు గుండెల మీదే ఉంది. చప్పట్లు బాగా పడ్డాయి.

అటువంటి మనిషి ఇంట్లో గ్యాసు పైపుకి పగులు వచ్చింది.

“ఏవండీ, పొయ్యి దగ్గర వాసనొస్తోందండీ. పైపు మార్పించండి” అన్నారు వెంకటనరసమ్మగారు.

ఆయన వంగి చూసి నాలుగు చుట్లు టేపు వేశారు. “హౌరా దాకా వెళ్లి నిలబడ్డ టేపు ఇది. నీ వంటింట్లో నిలబడదా?” అన్నారు.

వారం తర్వాత ఆవిడ మళ్లీ చెప్పారు. “ఇంకా వస్తోందండీ. పైపు మీద రాసిన గడువు తేదీ కూడా ఎప్పుడో దాటిపోయిందంట, విక్టోరియా చూసి చెప్పింది.” ఆయన ఆ తేదీ కనబడకుండా దాని మీద మరో రెండు చుట్లు వేశారు.

మూడోసారి చెప్పినప్పుడు మాత్రం కొంచెం నొచ్చుకున్నారు. “వాసన వస్తోందంటే సిలిండర్లో గ్యాసు ఉన్నట్టే కదా, సంతోషించక!”

ఆవిడ మరి చెప్పలేదు. పొయ్యి వెలిగించే ముందు కిటికీలూ తలుపులూ బార్లా తెరిచి, లైటరు చేత్తో పట్టుకుని కాసేపు కళ్లు మూసుకుని నిలబడేవారు. ఈమధ్య తన భార్యకి భక్తి పెరిగిందని కోదండరామయ్యగారు మాతో చెప్పారు.

కిందటి నెలలో ఒక మంగళవారం పొద్దున్న ఆవిడ ఉప్మాకి నీళ్లు పెట్టి లైటరు నొక్కారు. మంట పొయ్యి మీద కాకుండా పైపు మీద లేచింది. ఆవిడ అరవలేదు. తడి తువ్వాలు దాని మీద పడేసి, మంట పక్కనుంచే చెయ్యి పోనిచ్చి రెగ్యులేటరు కట్టేశారు. మంట ఆరింది. కుడిచెయ్యి మణికట్టునుంచి మోచేతి దాకా కాలింది. గోడవతలనుంచి పొగ చూసిన విక్టోరియాగారు పరుగెత్తుకొచ్చి, చేతి మీద నీళ్లు ధారగా పోసి, ఆటోలో ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లారు.

కోదండరామయ్యగారు కూడా వెళ్లారు. నర్సు ఆవిడ చేతికి గాజుగుడ్డ చుట్టి టేపు అంటిస్తుంటే దగ్గరికి వంగి చూశారు. “కొస మడవలేదమ్మా” అన్నారు.

నర్సు తలెత్తి ఆయన వంక చూసింది. “బాబాయిగారూ, మీరు బయట కూర్చోండి” అన్నారు విక్టోరియాగారు.

బయట ఊరికే కూర్చోవడం ఇష్టంలేక ఆయన ఇంటికి వచ్చేశారు. సాయంత్రం వెంకటనరసమ్మగారు తిరిగొచ్చేసరికి వంటిల్లు శుభ్రంగా ఉంది. మసిబారిన గోడ మీద క్యాలెండరు అంటించి ఉంది. కాలిన మేర పైపు కోసేసి, మిగిలిన రెండు ముక్కలూ కలిపి టేపు వేసి ఉంది. “ఈసారి ఎనిమిది చుట్లు” అన్నారాయన.

ఆవిడ ఆ పైపు వంక చాలాసేపు చూశారు. లోపలికి వెళ్లి, అట్టపెట్టె తెచ్చుకుని, ఎడమచేత్తో ఒక్కొక్క చీరా అందులో సర్దుకున్నారు.

“ఏవండీ, దీనికి టేపు వేసిపెట్టండి. నాకు చెయ్యి ఆడటంలేదు.”

ఆయన ఎంతో ఉత్సాహంగా నిలువునా అడ్డంగా వేశారు, మూలలకి విడిగా మళ్లీ వేశారు. పెట్టె ఎక్కడికని అడగలేదు. ముప్పయ్యేళ్ల సర్వీసులో చిరునామా చూడటం వేరేవాళ్ల పని. పెట్టె ఆటో ఎక్కి, దాని పక్కన భార్య కూడా ఎక్కాక అప్పుడు తెలిసింది.

“నువ్వెక్కడికి?”

“నాగరత్నం ఇంటికండీ. ఆ పైపు మార్చాక కబురు చెయ్యండి.”

ఆటో బస్టాండు వైపు వెళ్లిపోయింది.

రెండు వారాలు గడిచాయి. కళ్లముందు ఒక సంసారం చెదిరిపోతుంటే సంఘం చేతులు కట్టుకుని కూర్చోదు. అబ్బాయిరాజుగారి నాయకత్వంలో, నాతో కలిపి ఐదుగురం కారేసుకుని తాడేపల్లిగూడెం వెళ్లాం. నాగరత్నంగారు కాఫీలిచ్చారు. రాజుగారు గొంతు సవరించుకున్నారు.

“అమ్మా, సంసారం అన్నాక చిన్న చిన్న పగుళ్లు వస్తాయి. ఆడవారు సర్దుకుపోబట్టే ఈ దేశంలో కుటుంబ వ్యవస్థ ఇంకా నిలబడి ఉంది. ప్రపంచ దేశాలు ఈ విషయంలో మనవైపే చూస్తున్నాయి. అటువంటిది, ఒక రబ్బరు పైపు కోసం...”

ప్రపంచ దేశాల ప్రస్తావన రాగానే నాగరత్నంగారు లేచి రెండో విడత కాఫీ తెచ్చారు. వెంకటనరసమ్మగారు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నారు.

“మంచిదండీ అన్నయ్యగారూ. పైపు మార్చమనండి, వచ్చేస్తాను” అన్నారు.

“ఇంతసేపు చెప్పినా ఆవిడ పైపు దగ్గరే ఉన్నారు” అని తిరుగు ప్రయాణంలో గుండుగొలను దాటేదాకా రాజుగారు బాధపడుతూనే ఉన్నారు.

ఆదివారం సర్వసభ్య సమావేశం. చిన్న విషయానికి ఇల్లు విడిచి వెళ్లిన శ్రీమతి వెంకటనరసమ్మగారి వైఖరి పట్ల సంఘం విచారం వ్యక్తం చేస్తున్నదని తీర్మానం చదివాను. వెనక వరసలోంచి విక్టోరియాగారు లేచారు.

“ఒక్క మాటండీ. మన ఇళ్లల్లో గ్యాసు పైపు ఎప్పుడు మార్చారో గుర్తున్నవాళ్లు చెయ్యెత్తండి.”

ఎవరూ ఎత్తలేదు. నేను మినిట్స్ పుస్తకంలోకి చూశాను.

“అభ్యంతరాలు లేవు కాబట్టి తీర్మానం ఏకగ్రీవం” అన్నారు రాజుగారు. అలాగే రాశాను.

విక్టోరియాగారు కూర్చోలేదు. కోదండరామయ్యగారి వైపు తిరిగారు. “బాబాయిగారూ, ఎనిమిది చుట్లు వేశారు కదా. ఈ రెండు వారాల్లో ఆ పొయ్యి ఒక్కసారైనా వెలిగించారా?”

ఆయన తల దించుకున్నారు. రోజూ హోటల్ నుంచి క్యారేజీ తెచ్చుకోవడం మేమంతా చూస్తున్నాం. “లేదమ్మా” అన్నారు. “ భయమేసింది.”

ఆ మాట అజెండాలో లేదు గనుక మినిట్స్‌లోకి ఎక్కించలేదు. ఆయన బజ్జీలు వచ్చేదాకా ఆగకుండా లేచి వెళ్లిపోయారు.

మర్నాడు మెకానిక్ వచ్చి కొత్త పైపు బిగించి వెళ్లాడు. ఐదు నిమిషాలు పట్టింది. కోదండరామయ్యగారు పాత పైపుని సంచిలో వేసుకుని తాడేపల్లిగూడెం బస్సెక్కారు. అక్కడ జరిగింది నాగరత్నంగారు విక్టోరియాగారికి చెప్పగా మాకు తెలిసింది. వెంకటనరసమ్మగారు ఆ పైపుని ఎడమచేతిలోకి తీసుకుని చూశారట.

“ఎంతసేపు పట్టిందండీ?”

“ఐదు నిమిషాలు.”

“మూడుసార్లు చెప్పానండీ” అన్నారట ఆవిడ. కోపంగా కాదు. ఆయన అరుగు మీద కూర్చుండిపోయారట. ఆవిడ ఆ రోజు రాలేదు. కట్టు విప్పాక, తనకి రావాలనిపించిన రోజున వచ్చారు. అప్పటిదాకా ఆయనే ఆ పొయ్యి మీద వండుకు తిన్నారు. చెయ్యి మీద మచ్చ పోదని డాక్టరు చెప్పాడు.

విడిపోయిన దంపతులను కలిపిన సందర్భంగా అబ్బాయిరాజుగారి ఫొటో పెద్దదిగా, దంపతుల ఫొటో చిన్నదిగా వేసి కాలనీ మొదట్లో ఫ్లెక్సీ కట్టాం. అంతా ప్రశాంతంగా ఉంది. సాయంత్రాలు గాలి తిరిగినప్పుడు మాత్రం వీధిలో సన్నగా గ్యాసు వాసన తగులుతోంది. మొన్న మా ఆవిడ కూడా అంది, వంటింట్లో వాసనొస్తోందండీ అని. అది చెప్పడం రెండోసారి. పక్కింటిదై ఉంటుందన్నాను.