తొక్కల తల్లి

ఆ పొద్దున్న ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి గాజు జాడీలోని ద్రవాన్ని వడగట్టి రెండు సీసాల్లో పోయాలి. పన్నెండింటికి భర్త ఆఫీసు నుంచి వచ్చి ఆ సీసాలు పట్టుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాలి. ఆఫీసులో నేల తుడిచే గులాబీ వాసన ద్రవానికి మేనేజరు రోజంతా తుమ్ముతాడు. అందుకని ఇది నచ్చితే నెలకు నలభై లీటర్లు ఆవిడ దగ్గరే కొంటానన్నాడు. మూడు నెలలుగా ఆ ఇంట్లో నలభై లీటర్ల మాట తప్ప మరో మాట లేదు.

పండ్ల తొక్కలతో ఇల్లు కడిగే ద్రవం చేయడం నేర్పే రెండు రోజుల శిక్షణకు ఆవిడ వెళ్లి వచ్చిన నాటి నుంచి కొట్టులో దొరికే ఫినాయిలు సీసాలన్నీ ఇంటి నుంచి వెళ్లిపోయాయి. వాటి స్థానంలో బాల్కనీలోకి పద్నాలుగు డ్రమ్ములు వచ్చాయి. నారింజ తొక్కలు, నిమ్మ తొక్కలు, బెల్లం, నీళ్లు. రోజూ మూత తీసి గాలి వదలాలి, లేకపోతే డ్రమ్ము ఉబ్బుతుంది. పండు తినడం ఆ ఇంట్లో తొక్క సంపాదించడానికి పడే కష్టంగా మారింది. భర్త రోజుకు ఆరు నారింజలు తింటున్నాడు. ఇరుగుపొరుగు ఆవిడకు తొక్కలావిడ అని పేరు పెట్టారు. ఆవిడ దాన్ని బిరుదు అనుకుంది.

డ్రమ్ములు పులిసి సిద్ధం కావడానికి ఇంకా నెల ఉంది. ఈ సంసారం మొత్తానికి మూలం గాజు జాడీ. దాని మీద తెల్లగా, మెత్తగా ఒక పొర తేలుతూ ఉంటుంది. శిక్షణ ఇచ్చిన టీచరమ్మ దాన్ని తల్లి అంటుంది. కొత్త డ్రమ్ము పెట్టినప్పుడల్లా అందులో అరకప్పు తల్లిని కలపాలి. తల్లి ఉంటే తొక్కలు పులుస్తాయి, లేకపోతే కుళ్లిపోతాయి. ఈ రెంటికీ తేడా ఏమిటో వాసన చూసి చెప్పగలిగినవాళ్లు ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే.

అత్తగారు ఆ వాసనను మొదటి రోజే ఖండించింది. ముప్ఫై ఏళ్లు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా పనిచేసిన మనిషి. మురికి అంటే ఆవిడకు వ్యక్తిగతమైన పగ. పదింటికి కోడలు సీసాలు కొనడానికి కిందికి వెళ్లింది. అత్తగారు వంటగదిలోకి వచ్చి, జాడీ మూత తీసి, పైన తేలుతున్న తెల్లటి పొరను చూసింది. బూజు అనుకుంది. ఇంకేముంది, ఎత్తుకెళ్లి కమోడ్‌లో పోసి, రెండుసార్లు ఫ్లష్ చేసి, జాడీ కడిగి బోర్లించింది.

కోడలు వచ్చి చూసింది. ఆ తర్వాత పది నిమిషాలు ఆ ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగింది కాదు. అత్తగారు విసురుగా పక్కింటికి వెళ్లిపోయింది. కోడలు కళ్లు తుడుచుకుని భర్తకు మెసేజ్ పెట్టింది: "తల్లి పోయింది. వెంటనే రండి. మేనేజరుగారికి ఎలా చెప్పాలో తెలియడం లేదు."

ఆ సమయానికి భర్త ఆఫీసు నేలమాళిగలో పాత ఫైళ్లు వెతుకుతున్నాడు. ఫోను బల్ల మీద ఉంది. పక్క బల్ల దగ్గర కూర్చునే అతన్ని ఆఫీసులో మైకు అంటారు. ఏ మాట చెవిన పడినా అందరికీ వినిపించేదాకా అతనికి అన్నం సయించదు. ఫోను వెలగగానే మెడ చాచి చదివాడు. మేనేజరుకు చెప్పే కష్టం ఆ ఇల్లాలికి లేకుండా తానే పరుగెత్తుకెళ్లి చెప్పాడు.

మేనేజరు కుర్చీలో కూలబడ్డాడు. ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ భర్త ఈ ఏడాదిలో అమ్మకు బాగోలేదని ఐదుసార్లు సెలవు పెట్టాడు. ఆవిడకు తలనొప్పి కూడా రాలేదు, అది వేరే సంగతి. ఆరోసారి అడిగితే మొన్ననే మేనేజరు, "మీ అమ్మగారికి ఎన్ని జబ్బులయ్యా?" అని నలుగురిలో నవ్వాడు.

"నోరు జారాను," అన్నాడు మేనేజరు. "పాపం, నిజంగానే పోయారు. వ్యాను తీయమనండి. మంచి పూలదండ ఒకటి తెప్పించండి."

భర్త దుమ్ము దులుపుకుంటూ పైకి వచ్చేసరికి ఆఫీసంతా లేచి నిలబడి ఉంది. మైకు ఫోను చేతికిచ్చాడు. పోయింది ఏ తల్లో భర్తకు ఒక్క క్షణంలో అర్థమైంది. జాడీ తల్లి అని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. చెబితే, "మరి మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అంటారు. ఆవిడ పొద్దున్నే మూడు అంతస్తులు మెట్లెక్కి వచ్చింది. ఐదు సెలవుల బండారం బయటపడితే ఉద్యోగం సంగతి అలా ఉంచి, నలభై లీటర్లు గంగలో కలుస్తాయి. ఇంటికెళ్లి భార్యకు ఏం చెబుతాడు? అతనికి నిజంగానే కన్నీళ్లొచ్చాయి.

"ఎవరూ రావద్దు సార్, ఇబ్బంది," అన్నాడు.

"ఇలాంటప్పుడు కూడా మా ఇబ్బందే చూస్తున్నాడు," అన్నాడు మేనేజరు గద్గదంగా.

తలుపు తీసింది ఇల్లాలు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. జాడీ పోయిన సంగతి విని మేనేజరే స్వయంగా పరామర్శకు వస్తాడని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ప్రకృతి మీద ఇంత ప్రేమ ఉన్న మనిషిని చూసి దుఃఖం మళ్లీ పొంగింది.

"ఎలా జరిగిందమ్మా?" అన్నాడు మేనేజరు.

"నేను ఇలా కిందికి వెళ్లి అలా వచ్చేసరికి అయిపోయింది సార్. పొద్దున మూత తీస్తే బుస్సుమంది. బాగానే ఉందనుకున్నా."

"మూతేంటి?" అన్నాడు మైకు.

"ఆక్సిజన్‌ది అయ్యుంటుంది, ఊరుకో," అన్నాడు మేనేజరు. "ఎక్కడ పోయారమ్మా?"

"బాత్‌రూంలో."

"అయ్యో. జారి పడ్డారా?"

"పారబోశారు సార్. కమోడ్‌లో. రెండుసార్లు ఫ్లష్ కూడా చేశారు."

పూలదండ పట్టుకున్న టైపిస్టు గోడకు ఆనుకుంది.

"బాధలో ఏదో మాట్లాడుతోంది సార్," అన్నాడు భర్త.

"నా బాధ మీకేం తెలుసు?" అంది ఇల్లాలు. "మూడు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నా. మీరు ఒక్కసారైనా దగ్గరికొచ్చి చూశారా? కంపు కొడుతోందని ముక్కు మూసుకుని పోయేవారు."

అందరూ భర్త వైపు చూశారు. ఆ చూపుల్లో సానుభూతి లేదు. సరిగ్గా అప్పుడే పక్కింటి నుంచి అత్తగారు లోపలికి వచ్చింది. గదినిండా జనం, మధ్యలో పూలదండ.

"ఎవరు పోయారు?" అంది.

"ఈవిడ మా పెద్దమ్మ సార్," అన్నాడు కొడుకు గబగబా. "అమ్మకు స్వయానా అక్క. పెద్దమ్మా, అమ్మ పోయిందని తెలిసి సార్‌వాళ్లు వచ్చారు."

అత్తగారు కొడుకు ముఖం చూసింది. మూడో తరగతిలో లెక్కల పుస్తకం కుక్క తినేసిందని చెప్పినప్పుడు కూడా వాడి ఎడమ కనుబొమ్మ ఇలాగే ఎగిరింది. నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"అవును బాబూ, నేను అక్కని," అంది. "అది చిన్నప్పటి నుంచీ అంతే. అన్నిటికీ తొందరే. దేహం ఆస్పత్రికి రాసిచ్చింది, వాళ్లూ అప్పుడే వచ్చి తీసుకెళ్లిపోయారు."

"మరి ఈ అమ్మాయి పారబోశారంటోంది..."

"అది జాడీ సంగతి. మీకు ఇవ్వాల్సిన ద్రవం కూడా ఈ పూటే పోయింది. పిచ్చిది, రెండు ఏడుపులూ కలిపి ఏడుస్తోంది."

ఇల్లాలు నోరు తెరిచింది. భర్త ఆవిడ కాలు తొక్కాడు. ఆవిడ పూలదండను చూసింది, అత్తగారిని చూసింది, భర్త కనుబొమ్మను చూసింది. నోరు మూసుకుంది. నమూనా పోయిందని మేనేజరుకు తెలిసిపోయింది కాబట్టి ఇక ఏడవడానికి అబద్ధం ఆడనక్కర్లేదు, జాడీ కోసమే ఏడవొచ్చు.

"మీ చెల్లెలుగారు పడని బాధ లేదమ్మా," అన్నాడు మేనేజరు. "ఫిబ్రవరిలో గుండె. ఏప్రిల్‌లో కిడ్నీ. మేలో తుంటి ఎముక, జులైలో మళ్లీ తుంటి, ఆగస్టులో కామెర్లు."

హెడ్ నర్సు కొడుకు వైపు తిరిగింది. "రెండుసార్లూ ఎడమ తుంటేనా నాయనా?"

"ఎడమే పెద్దమ్మా," అన్నాడు కొడుకు నేల చూస్తూ.

"అవునవును. దానికి కుడివైపు ఎప్పుడూ గట్టిగానే ఉండేది."

మేనేజరు ఇక ఆపుకోలేక ముఖం కడుక్కుని వస్తానని బాత్‌రూంలోకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. ఇల్లాలు చేతులు నలుపుకుంటూ కూర్చుంది. కమోడ్‌లో పొర తాలూకు ముక్క ఏదైనా తేలుతోందేమోనని ఆవిడ భయం. బయటికొచ్చిన మేనేజరు ముఖంలో ఏదో వెలుగు కనిపించింది.

"అదేంటమ్మా ఆ తెలుపు? మా ఇంట్లో కొత్తగా బిగించినప్పుడు కూడా కమోడ్ అలా లేదు. తుమ్ము కూడా రాలేదు. ఏం వేసి కడిగారు?"

"జాడీలోది అందులోనే పోశాం సార్," అంది ఇల్లాలు. అందులో అబద్ధం లేదు.

"పోసింది నా చెల్లెలే," అంది అత్తగారు. "పోతూ పోతూ ఆ పని చేసి పోయింది."

మేనేజరు రెండు చేతులూ జోడించాడు. వచ్చే నెల నుంచి నలభై కాదు, అరవై లీటర్లు పంపమన్నాడు. సీసాల మీద ఆ పుణ్యాత్మురాలి ఫొటో వేయాలని కూడా షరతు పెట్టాడు.

వ్యాను వెళ్లిపోయింది. ఇల్లాలు గాల్లో తేలుతోంది. కింది వాటా పొరుగావిడకు తాను ఇదివరకు ఇచ్చిన అరకప్పు తల్లి ఇంకా బతికే ఉంది, అడిగి తెచ్చుకుంటే చాలు.

"చూశారా అత్తయ్యా? కంపు కంపు అన్నారు. ఒక్క జాడీకి ఎంత తెల్లబడిందో."

అత్తగారు లోపలికి వెళ్లి, బకెట్టు వెనక నుంచి కొట్టులో కొన్న ఆసిడ్ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఖాళీది.

"నీ జాడీ పోసి ఫ్లష్ చేశాక కమోడ్ అంతా జిగురు పట్టిందమ్మా. దీంతో పది నిమిషాలు తోమితే గానీ వదల్లేదు."

ఇల్లాలి ముఖం పాలిపోయింది. ఆ అరవై లీటర్లతో ఆఫీసు కమోడ్ తెల్లబడకపోతే ఏం చెప్పాలి? "ఎవరికైనా చెబుతారా అత్తయ్యా?"

"చచ్చినవాళ్లు ఏం చెబుతారే?" అంది అత్తగారు. "ఇక నుంచి ఇది బకెట్టు వెనక కాదు, అరలో ఉంటుంది. వాడి ఆఫీసుకు నీ సీసాలు వెళ్లిన మర్నాడు నేనూ వెళ్లి కమోడ్లు తోమొస్తాను, నా సీసాతో. పెద్దమ్మని కదా, కాదనరు."

ఇల్లాలు ఒప్పుకుంది. దుఃఖంతో కాదు, లెక్క చూసుకుంటే వేరే దారి లేక. ఫొటోకు మాత్రం అత్తగారే మంచి చీర కట్టుకుని కూర్చుంది. దండ కూడా మేనేజరు తెచ్చిందే, దాచిపెట్టి వేసుకుంది.

నెల తిరగకుండానే భర్త మళ్లీ సెలవు చీటీ రాశాడు: పెద్దమ్మకు ఎడమ తుంటి.