పిల్లల కంప్యూటర్‌ను జింక సంగతి అడిగితే

ఆదివారం పొద్దున్నే టమాటాలు మేడ్చల్ మార్కెట్లో వేసి రావాలనుకున్నాడు అంజయ్య. బుట్టలు తీద్దామని శామీర్‌పేటలోని తన పశువుల కొట్టంలోకి వెళ్తే, లేగదూడల నడుమ ఒక జింక తాపీగా కుడితి తాగుతోంది. అంజయ్య గుండె జారి గడ్డిలో పడింది. దాన్ని ఏరుకోవడానికే కాసేపు పట్టింది. ఊరవతల సర్కారు జింకల దొడ్డిలోది మరి. కట్టేస్తే కేసు, తోలేస్తే కేసు, చచ్చిందంటే జైలే.

"నాయినా, కంప్యూటర్ల అడుగుదాం. అన్ని చెప్తది," అంది ఆరో తరగతి చదివే కూతురు భవిత.

కూతుర్ని స్కూటర్ ఎక్కించుకుని మేడ్చల్‌లో వహాబ్ నెట్ సెంటర్ ముందు దిగాడు. పిల్లలు చెడిపోతున్నారని తల్లులు కొట్లాటకు రావడంతో, వహాబ్ అన్ని కంప్యూటర్లలోనూ చిన్నపిల్లల సెర్చ్ ఇంజనే పెట్టాడు.

"బేఫికర్ ఉండన్నా. దీంట్ల చెడ్డది ఒక్కటి గూడ రాదు."

"మంచిది వస్తదా?"

"ఏదో ఒకటయితె వస్తది."

ఇంట్లోకి జింక వస్తే ఏం చేయాలని భవిత అడిగింది. రంగులు వేసుకోమని జింక బొమ్మ వచ్చింది. మళ్లీ అడిగితే, మెడలో గంట, ఎర్రగుడ్డతో మంచులో క్రిస్మస్ తాత బండి లాగుతూ ఒక జింక నవ్వింది.

"అంటే ఇంట్ల జింక గిట్లుండాల్నన్నట్టు!" అంజయ్య సెల్‌ఫోన్ తీసి భార్యకు చేశాడు. "బుచ్చమ్మా, జల్దీ దానికి గంట కట్టు, ఎర్రగుడ్డ కట్టు!"

తర్వాత చెమట తుడుచుకున్నాడు. "పోలీసోళ్లు పట్టుకపోతరా, అడుగు బిడ్డా."

తెర మీద గుడ్లగూబ బొమ్మ, దాని కింద ఏదో రాత ప్రత్యక్షమయ్యాయి. భవిత చదివింది. "ఇది పిల్లలు అడిగేది కాదట నాయినా. ఇంట్ల పెద్దోళ్లను అడగాల్నట."

"ఆ పెద్దోణ్ని నేనే గదనే!"

అంతలో బుచ్చమ్మ ఫోన్. గంటా గుడ్డా కట్టాక చేయి ఊరుకోక జింకకు పసుపు రాసి, బొట్టు పెట్టిందట. గోడ మీదుగా చూసిన పక్కింటి వజ్రమ్మ, పోచమ్మకు జింకను కోస్తున్నారని వాడంతా చెప్పేసింది.

"ఊరంత మన వాకిట్లనే ఉన్నది. సాలమ్మ కూరకు గిన్నె గూడ తెచ్చుకున్నది. దొడ్డి కాపలా గౌరయ్య కట్టె వట్టుకొని ఉరికొస్తుండట!"

తిరుగుదారిలో స్కూటర్ నేలను తాకిందో లేదో అంజయ్యకు తెలియదు. "నన్ను తీస్కపోతె ఏడ్వకు బిడ్డా. మంచిగ సదువుకో. అమ్మను సతాయించకు," అని మాత్రం మూడుసార్లు చెప్పాడు.

వాకిట్లో జనాన్ని తోసుకుంటూ గౌరయ్య కర్రతో ఎదురొచ్చాడు. అంజయ్య రెండు చేతులూ జోడించాడు. గౌరయ్య కర్ర పారేసి ఆ చేతులే పట్టుకున్నాడు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుత. గేటు ఎయ్య మర్శిన. మా సారుకు తెలిస్తె నౌకరి పోతది. ఎవ్వలకు చెప్పకు!"

అంజయ్యకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. వెంటనే కాస్త పెద్దరికం కూడా వచ్చింది. "తియ్, ఎవ్వలకు చెప్ప," అన్నాడు.

చుట్టూ నిలబడ్డ రెండు వందల మందీ తామూ ఎవరికీ చెప్పమని తలలూపారు.