అటకెక్కిన నిచ్చెన

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకు జాగ్రత్త మరీ ఎక్కువ. కార్ఖానాలో భద్రతాధికారి. ఆయన చూడందే అక్కడ ఎవరూ నిచ్చెన మీద కాలు పెట్టరు. నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు ఎడంగా ఆనించాలి, చిట్టచివరి మెట్టు మీద నిలబడకూడదు, కింద ఒకరు పట్టుకుని ఉండాలి. ఇవన్నీ ఆయన నిద్రలో కూడా అప్పజెబుతారు. పక్కన పడుకునేదాన్ని కనుక నాకూ కంఠతా వచ్చేశాయి.

ఇంట్లోనూ ఒక నిచ్చెన ఉంది. ఎవరు పడితే వారు ఎక్కి పడకుండా దాన్ని అటక మీద పెట్టించారు. ఈ ఏర్పాటు ఎంత పటిష్ఠమైనదంటే, గత మూడేళ్లలో మా ఇంట్లో నిచ్చెన ప్రమాదం ఒక్కటీ నమోదు కాలేదు.

మొన్న ఆదివారం హాల్లో ట్యూబులైటు పోయింది. నిచ్చెన దింపడానికి ఆయన భోజనాల బల్ల మీద స్టూలు వేశారు. స్టూలుకు ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద భద్రతా నియమావళి పెట్టి సరిచేశారు. పుస్తకం సరిగ్గా సరిపోయింది.

"ఏమండీ, పక్కింటివాళ్ల నిచ్చెన అడిగి తెస్తాను," అన్నాను.

"భద్రతాధికారి ఇంటికి అరువు నిచ్చెనా? పరువు పోదూ! కబుర్లాపి స్టూలు పట్టుకో."

పట్టుకున్నాను. పరువు నిలిచింది. ఆయన నిలవలేదు.

కాలికి కట్టుతో ఇంటికొచ్చాక విచారణ మొదలైంది. పరామర్శకు వచ్చినవారి సమక్షంలో, తప్పు మొదట స్టూలుదని తేల్చారు. ఆ తర్వాత నేలది. బండలు మరీ నున్నగా ఉన్నాయట. బండలు సంతకం పెట్టలేవు కనుక చివరికి నా దగ్గరికి వచ్చారు. సెలవు కోసం పంపాల్సిన ఫారంలో 'ప్రమాద కారణం' అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: "పట్టుకున్న వ్యక్తి అజాగ్రత్త."

"ఎంతైనా ఇంకాస్త గట్టిగా పట్టుకోవాల్సింది వదినా," అంది మా ఆడపడుచు, నేను పెట్టిన కాఫీ తాగుతూ.

నేను పెన్ను ముట్టుకోలేదు.

"సరే, సాక్షి సంతకమైనా చాలు. అమ్మా, నువ్వక్కడే ఉన్నావుగా," అంటూ ఆయన ఫారం మా అత్తగారికి అందించారు.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. కొడుకు కట్టుకాలిని ఓసారి నిమిరారు. సంతకం పెట్టకుండానే ఫారం తిరిగిచ్చేశారు.

"తప్పు నాదేరా. చిన్నప్పుడు నువ్వు పడ్డప్పుడల్లా నేలను కొట్టి నిన్ను ఊరుకోబెట్టాను."