తూము తలుపు బిల్లు

పక్కింటి పెంచలమ్మకు ఆ సంగతి అల్లుడు చెప్పాడట. అల్లుడికేమో ఆత్మకూరులో ఆఫీసు జీపు తోలుతుంటే వెనక సీట్లోంచి చెవిన పడిందట. పెంచలమ్మ చీపురు కూడా కింద పెట్టకుండా వచ్చి వెంగమ్మకు చెప్పింది. వెంగమ్మ దాన్ని మజ్జిగన్నం గిన్నెతో పాటు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. సోమవారం పదకొండు మంది ఎమ్మెల్యేలు ఉదయగిరికి వస్తున్నారట. పెండింగులో ఉన్న బిల్లు గురించట.

శీనయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"బిల్లు గురించేనా? ఆయన సరిగ్గా విన్నాడా?"

"బిల్లు, పెండింగు, జనాన్ని అడగాల. ఈ మూడు మాటలూ విన్నాడంట."

"అయితే మనదే!"

"ఒక్క తూము తలుపుకు పదకొండు మంది ఎమ్మెల్యేలా?"

"ఒక్కడి వల్ల రెండేళ్ళయినా కాలేదు గదే. అందుకే పదకొండు మంది వస్తుండారు."

ఎర్రకట్టపాళెం చెరువు తూముకు తలుపు లేక రెండేళ్ళయింది. పాతది తుప్పుపట్టి రాలిపోయింది. కొత్త ఇనప తలుపు ఎప్పుడో తయారై, మర్రిపాడులో కాంట్రాక్టరు సురేశ్‌బాబు షెడ్డులో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే జవాబు: "బిల్లు పాస్ కాలేదు శీనయ్యా. పాసైన రోజే తెచ్చి బిగిస్తా." చూసి చూసి విసిగిపోయిన శీనయ్య, నలభై ఇసుక మూటలు పేర్చి తూము తనే మూశాడు. ఆ మూటల పుణ్యాన నిలిచిన నడుంలోతు నీళ్ళలో బొచ్చె చేపపిల్లలు వదిలాడు. ఇంకో రెండు నెలలు నీళ్ళుంటే ఒక్కో చేప కేజీ తూగుతుంది. లేకపోతే ఏడాది కష్టం కాలవలో కొట్టుకుపోతుంది.

కాబట్టి ఆ పొద్దున అతను అనుకున్న పని చాలా చిన్నది. ఉదయగిరి పోవాలి, ఎవరో ఒక ఆఫీసరు చేతిలో అర్జీ పెట్టాలి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి.

ఉదయగిరిలో ఏర్పాట్లు చూస్తున్న ఆఫీసరు నారాయణయ్య అప్పటికి తల పట్టుకుని ఉన్నాడు. ఆయన చూస్తున్న బిల్లు వేరు. దాని పేరు 'ప్రభుత్వ దుబారా నివారణ బిల్లు'. సర్కారు డబ్బు అనవసరంగా తగలెయ్యకూడదని చట్టం చేద్దామని తెచ్చారు. తెచ్చి ఆరేళ్ళయింది. దాన్ని పరిశీలించడానికి పదకొండు మంది శాసనసభ్యులతో ఒక సంఘం వేశారు. దుబారాను ఎట్లా అరికట్టాలో తెలుసుకోవడానికి ఆ సంఘం రెండుసార్లు ఊటీకీ ఒకసారి సింగపూరుకూ పోయివచ్చింది. ఈ మధ్య ఉదయగిరి కోట చూడాలని దానికి మనసైంది. కోట చూడటానికి పద్దు లేదు. ప్రజాభిప్రాయ సేకరణకు ఉంది.

నారాయణయ్యకు షామియానాలు దొరికాయి. నాటుకోళ్ళు దొరికాయి. సభ్యులకు జ్ఞాపికలుగా ఇవ్వడానికి మూడు వందల కొయ్య గరిటెల మీద సంఘం పేరు చెక్కిపెట్టే పనివాళ్ళూ దొరికారు. పదకొండు మందికి మూడు వందల గరిటెలు ఎందుకని ఎవరూ అడగలేదు, అడగకూడదని అందరికీ తెలుసు కనుక. దొరకనిదల్లా ఒక్కటే, ఆ బిల్లు మీద అభిప్రాయమున్న మనిషి.

"అయ్యా, బిల్లు గురించి వచ్చినాను," అన్నాడు శీనయ్య గడప బయటి నుంచే.

నారాయణయ్య లేచి నిలబడ్డాడు. "ఏ బిల్లు?"

"అదే, పెండింగులో ఉండాదే, అది."

"లోపలికి రా నాయనా! కూర్చో. టీ తాగతావా? బిల్లుకు అనుకూలమా, వ్యతిరేకమా?"

"వ్యతిరేకం ఎందుకయ్యా? పాస్ కావాల. దానికోసం మా కండ్లు కాయలు కాసినాయి."

"పాసైతే మీకు లాభమేంది?" నారాయణయ్య కలం మూత తీశాడు.

"కారిపోయేది ఆగిపోద్దయ్యా. రేయింబగళ్ళు కారిపోతా ఉండాది. అడిగే నాథుడు లేడు. ఏదో నా బోటివాడు మూటలు అడ్డంపెట్టి ఆపుతుండాడు."

నారాయణయ్య కళ్ళు చెమర్చాయి. ప్రజాధనం గురించి ఇంతగా కుమిలిపోయే మనిషిని ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన ఆఫీసు లోపల గానీ బయట గానీ చూసి ఎరగడు.

"మీ ఊళ్ళో నీ మాదిరి ఇంకెంతమంది ఉండారు?"

"ఊరంతా అదే మాటయ్యా. వచ్చి అడగండి."

నారాయణయ్య ఆత్మకూరుకు ఫోను చేశాడు. ఆత్మకూరు రాజధానికి చేసింది. బిల్లును కోరే ఊరు ఒకటి దొరికిందని వినగానే సంఘం అధ్యక్షులవారు పొంగిపోయారు. సాయంత్రానికి ఉత్తర్వు దిగింది. సంఘం ఎర్రకట్టపాళానికే వస్తుంది. హెలికాప్టరులో వస్తుంది.

శుక్రవారం పొద్దునకల్లా చెరువు కట్ట పక్కన రెండు జేసీబీలు హెలిప్యాడు చదును చేస్తున్నాయి. పని చేయిస్తున్నది సురేశ్‌బాబే.

"ఏం సురేశ్‌బాబూ, బిల్లు పాసైనట్టేనా?"

"ఇది వేరే బిల్లులే శీనయ్యా. ఇది ముందే పాసైంది."

శనివారం ట్రాక్టరు మీద ఇనప తలుపు రానే వచ్చింది. ఊరు ఊరంతా కట్ట మీదికి పరుగెత్తింది. పెద్దమనిషి వెంగయ్య కొబ్బరికాయ కొట్టాడు. ఆడవాళ్ళు తలుపుకు పసుపు పూసి కుంకుమ పెట్టారు. ట్రాక్టరు తూము దాకా వచ్చింది, తూమును దాటింది, నేరుగా సభావేదిక దగ్గరికి పోయి ఆగింది. అధ్యక్షులవారు పొట్టి మనిషట, మైకు అందదట. తలుపును ఇటుకల మీద పరిచి, పైన ఎర్ర తివాచీ కప్పారు.

"ఏంది సామీ ఇది?" అన్నాడు శీనయ్య.

"ఒక్క రెండు రోజులు ఓర్చుకోరా," అన్నాడు సురేశ్‌బాబు. "పెద్దాయన కాలు మోపిన తలుపంటే మీ తూముకు ఎంత మర్యాద!"

ఆదివారం నారాయణయ్య శీనయ్యను ఉదయగిరికి పిలిపించి, సభలో పెద్దలను ఏమేమని పొగడాలో నాలుగుసార్లు అప్పజెప్పించుకున్నాడు. మూడు గంటల బస్సుకు శీనయ్య ఊళ్ళో దిగేసరికి చెరువులో నీళ్ళు లేవు. బురదలో కొంగలు తిరుగుతున్నాయి. వెంగమ్మ ఖాళీ గంప బోర్లించుకుని కట్ట మీద కూర్చుని ఉంది.

"మూటలు యాడికి పోయినాయే?"

"షామియానా గుంజలకు కట్టినారు. హెలికాప్టరు గాలికి లేచిపోద్దంట."

"నువ్వు అడ్డం పడలేదా?"

"పడినాను. 'నీ మొగుడు కోరిన బిల్లు కోసమే గదమ్మా' అన్నారు."

"చేపలు?"

"వంటోళ్ళు ఎత్తుకొనిపోయినారు. రేపు ఎమ్మెల్యేలకు పులుసంట."

శీనయ్య బురదలోకి మట్టిబెడ్డ విసిరి కొంగలను అదిలించాడు. "పోనీలే," అన్నాడు, తనకే చెప్పుకుంటున్నట్టు. "తలుపు వచ్చింది. రేపు బిల్లు పాసవుద్ది. వానొస్తే మళ్ళీ నిలుపుకుంటాం."

ఆ సాయంత్రమే ఇంకో చిక్కు వచ్చింది. హెలిప్యాడు దుమ్ము అణచడానికి నీళ్ళు చల్లాలి. చెరువులో చూస్తే చుక్క లేదు. ఆత్మకూరు నుంచి పదిహేను ట్యాంకర్లు పిలిపించి, ఖాళీ అయిన చెరువు పక్కన దుమ్ముకు తాగించారు.

సోమవారం ఉదయగిరి కొండ మీద నల్లటి మబ్బు పట్టింది. మబ్బులో హెలికాప్టరు ఎగరదన్నారు. సంఘం ఇరవై మూడు కార్లలో వచ్చింది. ముందు భోజనాలయ్యాయి. బొచ్చెల పులుసు చాలా బాగుందని, చేపలు మాత్రం కాస్త చిన్నవని సభ్యులు అభిప్రాయపడ్డారు. ఆ రోజు వాళ్ళు వెలిబుచ్చిన అభిప్రాయాల్లో వాళ్ళకు నిజంగా తెలిసి చెప్పింది అదొక్కటే. అప్పుడు అధ్యక్షులవారు ఎర్ర తివాచీ ఎక్కి, మైకు అందుకుని, శీనయ్యను పిలిచారు.

"బిల్లు పాస్ చేయండి సామీ," అన్నాడు శీనయ్య. నాలుగుసార్లు అప్పజెప్పింది ఒక్కటీ గుర్తు రాలేదు. "కారిపోయేది కారిపోయింది. ఇప్పుడన్నా ఆపండి."

చప్పట్లు మారుమోగాయి. కెమెరాలు మెరిశాయి. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"ఇంతటి ప్రజాభిప్రాయం మేమెక్కడా చూడలేదు! దీన్ని తొందరపడి ముగించడం మీకే అన్యాయం. అందుకే సంఘం గడువును ఇంకో ఏడాది పొడిగించమని కోరుతున్నాం. జపాను పోయి అక్కడి పల్లెలు కూడా చూసి, మళ్ళీ మీ ఊరికే వస్తాం!"

"అంటే పాస్ కాలేదా సామీ?"

"పెండింగులో ఉంది."

"ఏది పెండింగులో ఉండాది?"

"దుబారా నివారణ బిల్లయ్యా. ప్రభుత్వం అనవసరంగా ఖర్చు పెట్టకూడదనే బిల్లు. నువ్వు కోరిందే గదా!"

శీనయ్య హెలిప్యాడు వైపు చూశాడు. స్వాగత ద్వారం వైపు చూశాడు. అట్టపెట్టెల్లో మిగిలిపోయిన రెండు వందల ఎనభై తొమ్మిది గరిటెల వైపు చూశాడు.

"మరి మా తూము బిల్లు?"

"ఏ తూము?" అధ్యక్షులవారు నారాయణయ్య కేసి తిరిగారు. నారాయణయ్య సురేశ్‌బాబు కేసి తిరిగాడు. సురేశ్‌బాబు షామియానా గుంజను ఎన్నడూ చూడనట్టు పరిశీలించసాగాడు.

అంతలో షామియానా మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. పదిమంది సభ్యులు కార్ల వైపు కదిలారు. అధ్యక్షులవారు మాత్రం కెమెరాలు ఇంకా ఉన్నాయని గమనించి, ముందు వరసలో నిలబడిన వెంగమ్మ వైపు కాస్త వంగి, చిరునవ్వు నవ్వారు.

"నువ్వు చెప్పమ్మా. మీకేం కావాలో చెప్పు. మా నివేదికలో రాయిస్తాను."

"రాయక్కర్లేదు సామీ," అంది వెంగమ్మ. "నీళ్ళు పోయినాయి. చేపలు మీరు తిన్నారు. వానొస్తా ఉండాది, మాకు మిగిలింది తూము తలుపొక్కటి. మీరు నిలబడుండేది దాని మిందే. దిగండి."