తొమ్మిది కిలోల బూడిద కొరత

ఈ లోకంలో దేన్నయినా పోగొట్టుకునే హక్కు మనిషికి ఉంది, ఒక్క చెత్తను తప్ప. ఈ మహత్తర సత్యాన్ని కనిపెట్టిన ఘనత ఒకానొక బొగ్గు విద్యుత్ కేంద్రానిది. అక్కడ బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదను గుట్టగా పోశారు. గుట్టకు కంచె, కంచెకు గేటు, గేటుకు కాపలా, కాపలాకు రిజిస్టరు, వీటన్నిటి మీదా ఒక వ్యర్థాల సంరక్షణాధికారి. (కరెంటు వృథాను చూసుకోవడానికి కూడా ఒకాయన ఉన్నారు గానీ, ఆయన చాలాకాలంగా సెలవులో ఉన్నారు.)

ఆ గుట్టలోంచి నలభై కిలోలు అడిగి తీసుకున్న పాపానికి కేంద్రం ల్యాబులో పనిచేసే కెమిస్టుకు బూడిదమ్మ అని పేరు పడిపోయింది. ఆవిడ దానికేమీ నొచ్చుకోలేదు. బూడిదను కాస్టిక్ సోడా నీళ్లలో కలిపి, మూత బిగించిన స్టీలు పాత్రలో రోజంతా వేడిచేసి, కడిగి ఆరబెడితే జియోలైట్ అనే పొడి తయారవుతుంది. దాని నిండా కంటికి కనిపించని రంధ్రాలు. నీళ్లను కరుకుగా చేసే సున్నాన్ని అవి లోపలికి లాక్కుని పట్టుకుంటాయి. ఇది చేయడం ఆవిడకు ఒక వారం పట్టింది.

పొడి కావలసింది ఆవిడ పెద్దమ్మకు. కేంద్రం వెనక వీధిలో పెద్దమ్మకు లాండ్రీ ఉంది. అక్కడి బోరునీళ్లలో సబ్బు అరుగుతుందే గానీ నురగ రాదు. ఉతికి ఆరేసిన ఆసుపత్రి దుప్పట్లు అట్టల్లా బిగుసుకుపోతున్నాయి. సోమవారానికి మెత్తగా రాకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు కబురు చేశారు.

"ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పనే, చేజారిపోయేలా ఉంది. నీ బూడిదేదో తెచ్చి పడెయ్యి, చూద్దాం," అంది పెద్దమ్మ. గొంతు మామూలుగానే ఉంది గానీ, చేతిలోని దుప్పటిని అవసరానికి మించి పిండేస్తోంది.

గేటు దగ్గర తూకం వేసేదాకా అంతా సవ్యంగానే నడిచింది. ల్యాబులోకి వెళ్లిన బూడిద నలభై కిలోలు. బయటికొచ్చిన పొడి ముప్ఫై ఒక్క కిలోలు. తొమ్మిది కిలోల చెత్త గల్లంతు.

పొడికి అక్కడికక్కడే సీలు వేసి గదిలో పెట్టారు. వ్యర్థాల సంరక్షణాధికారి స్వయంగా రంగంలోకి దిగారు. మర్యాదస్తుడు, గొంతెత్తి మాట్లాడి ఎరగరు.

"ఆ తొమ్మిది కిలోలు ఏమైనట్టమ్మా?"

"కొంత తేమ సార్, ఆవిరైపోయింది. కొంత కరిగి కడిగిన నీళ్లలో పోయింది."

"ఆవిరి ఏ గేటు గుండా వెళ్లింది?"

గేటు కాపలాదారుణ్ణి పిలిపించారు. తన డ్యూటీ వేళల్లో ఎలాంటి ఆవిరీ పాసు లేకుండా బయటికి పోలేదని అతని దగ్గర ఏడు ప్రతుల్లో వాంగ్మూలం తీసుకున్నారు. (ఏడు ప్రతులూ ఉన్నాయని ధ్రువీకరిస్తూ ఎనిమిదోది కూడా.)

"పోనీ, గుట్ట మీంచి తొమ్మిది కిలోలు తెచ్చి కలిపేస్తాను సార్," అంది బూడిదమ్మ.

"అది గుట్ట లెక్కలోదమ్మా. పోయింది మీ లెక్కలోది."

"గుట్ట మీది బూడిద రోజూ గాలికి కొట్టుకొచ్చి మా పెద్దమ్మ ఆరేసిన దుప్పట్ల మీద పడుతోంది. అది మాత్రం కొరత కాదా సార్?"

ఆయన నిబంధనల పుస్తకం ఓపిగ్గా తిరగేశారు. "కాదమ్మా. దాన్ని విస్తరణ అంటారు."

మూడు రోజుల్లో విచారణ ఊపందుకుంది. తేమ కమిటీ, కడిగిన నీళ్ల కమిటీ, ఈ రెండు కమిటీలూ ఒకే గదిలో కూర్చోవచ్చా అని తేల్చే కమిటీ వెలిశాయి. కాగితాలన్నీ ఒకే ఫైల్లోకి చేరాయి. దాన్ని గదిగదికీ మోసుకెళ్లే బాధ్యత అనుమానితురాలిదే. శనివారం మధ్యాహ్నానికి బూడిదమ్మ భుజం లాగేస్తోంది. ఊపిరి తీసుకుందామని ల్యాబులోకొచ్చి, ఖాళీగా కనిపించిన తూకం మీద ఫైలు దించింది.

ఎనిమిది కిలోల రెండు వందల గ్రాములు.

ఆవిడ ఆ అంకెను చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లి నిబంధనల పుస్తకం అడిగి తీసుకుంది. మూసేసిన ఫైలు ఏ కోవలోకి వస్తుందో అందులో స్పష్టంగా ఉంది: వ్యర్థం.

ఇక కావలసింది ఎనిమిది వందల గ్రాములు. బూడిదమ్మ కూర్చుని ఒక అర్జీ రాసింది. ఈ ఫైలు ఇంత లావెందుకయిందో తెలియజేయగలరు. దానికి ప్రతి కమిటీ విడివిడిగా, ఏడేసి ప్రతుల్లో జవాబిచ్చింది. తేమ కమిటీ పటాలు కూడా జతచేసింది. సాయంత్రానికి ముల్లు సరిగ్గా తొమ్మిది దగ్గర ఆగింది. బూడిదమ్మ ఆ తూకాన్ని ముద్దుపెట్టుకున్నంత పని చేసింది.

అధికారి రెండుసార్లు తూయించారు. ముఖం విప్పారింది.

"దొరికేసిందమ్మా. నాకు ముందునుంచీ మీ మీద నమ్మకమే," అని ఫైలు మూసేస్తున్నట్టు సంతకం పెట్టారు. తొమ్మిది కిలోల ఫైలును సగౌరవంగా బూడిద గుట్టలో పాతిపెట్టి, రిజిస్టరులో కొరత లేదని రాసి, పొడి గది సీలు విప్పించారు.

ఆదివారం పొద్దున్నే పొడిని గుడ్డసంచుల్లో కట్టి పెద్దమ్మ నీళ్లతొట్టిలో వేలాడదీశారు. మధ్యాహ్నం ఆ నీళ్లలో సబ్బు వేసి కలిపితే పెద్దమ్మ మోచేతుల దాకా నురగ వచ్చింది. పెద్దమ్మ ఆ నురగచేత్తోనే బూడిదమ్మ చెంప నిమిరింది. ఆ ఒక్క నిమిషానికి మూడు కమిటీలనూ క్షమించేయవచ్చనిపించింది బూడిదమ్మకు. సోమవారం ఆసుపత్రివాళ్లు దుప్పట్లు చేత్తో తడిమి చూసుకుని, మరో రెండు వార్డులవి కూడా పంపుతామని చెప్పి వెళ్లారు.

ఆ సాయంత్రం వ్యర్థాల సంరక్షణాధికారి తన తెల్లచొక్కాలు మూటగట్టుకుని లాండ్రీకి వచ్చారు. తొట్టిలోకి తొంగిచూశారు, నురగను వేలితో తాకి మురిసిపోయారు.

"చాలా మంచి పని చేశారమ్మా. ఇంకోసారి ఇలా పనికొచ్చేదేదైనా చేయాలనుకుంటే మాత్రం ఓ నెల ముందుగా చెప్పండి. దానికి సరిపడా చెత్త తయారుచేయడానికి మాకూ టైము కావాలి కదా."