వెనక అద్దం మీది బరువు

సింహాచలం కారు వెనక అద్దానికి అంటించిన కులం పేరు ఒక్కటే నూట నలభై కిలోలు తూగిందట అని ఎదురింటి అచ్చాయమ్మ పాలకేంద్రం దగ్గర చెప్పింది. ఆవిడకు రైసుమిల్లు కాటా గుమాస్తా పెళ్ళాం చెప్పిందట. విన్నవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు. "అంతేనా? మా మరిది ట్రాక్టరు మీదది రెండొందలు దాటింది," అంది క్యాను పట్టుకుని వెనక నిలబడ్డావిడ.

సంగతి నిజమే. పాతికేళ్ళు నిండిన ఆ బుల్లి కారును వచ్చే నెలలో తుక్కు కింద ఇచ్చెయ్యాలని నోటీసు వచ్చింది. ఈలోగా ఒక్కసారైనా దాన్ని జిల్లా పాతకార్ల పందెంలో పరిగెత్తించాలని సింహాచలం కోరిక. నిబంధన ఒకటే: కారు అయిదొందల కిలోలు మించకూడదు. మెకానిక్ మస్తాన్ వారం రోజులు కూర్చుని వెనక సీటు, కింద పరిచిన పట్టా, ఏసీ, స్టెప్నీ, తలుపుల లోపలి అట్టలు అన్నీ ఊడదీశాడు. సింహాచలం భార్య రాజ్యం ఆ సీటును వరండాలో వేయించుకుని, దానిమీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. ఇంత చేసినా కాటా చీటీలో ఆరొందల నలభై పడింది. దాని కింద, అన్ని చీటీల్లోనూ ఉండేలాగే, ‘ఇందులో పేరు: 140’ అని అచ్చయింది.

"గోరుతో గీకితే వచ్చేస్తాదండి బాబుగారూ. సరిగ్గా అయిదొందలకి దిగుద్ది. ఇంజనా, గుర్రంలా ఉందండి, ఆయ్," అన్నాడు మస్తాన్.

సింహాచలం గోరు పెట్టి చూశాడు. మొదటి అక్షరం అంచు లేచింది. ఆ మాత్రానికే కారు వెనక భాగం రెండంగుళాలు పైకి లేచింది. అక్షరాన్ని గబగబా అదిమి, కులసంఘం ఆఫీసుకు నడిచాడు.

సంఘం అధ్యక్షుడు కాఫీ తెప్పించి, ఇలాంటివాటికని అచ్చువేయించి ఉంచిన కాగితం తీశాడు. పేరు తప్ప ఏది తీసినా సంఘానికి అభ్యంతరం లేదు. తీసేదాని పక్కన టిక్కు పెట్టి సంతకం చేస్తే చాలు.

"ఇంజను కూడానా అండి?"

"ఇంజనుదేముంది అబ్బాయ్! ఎవడి కారులో చూసినా ఉండేదే."

సింహాచలానికి ఈ మాట ఎంతో సబబుగా తోచింది. మర్నాడే ఇంజను, గేరుబాక్సు, ముందు తలుపులు రెండూ దిగిపోయాయి. చీటీలో అయిదొందలు పడింది. రాజ్యం చీటీ చూసి, "మరి పరిగెట్టేదెలాగండీ?" అంది.

"నిబంధనల్లో బరువు గురించే ఉందే. ఇంజను ఉండాలని ఎక్కడా లేదు," అన్నాడు సింహాచలం. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

పందెం నాడు గీత దగ్గర పంతొమ్మిది కార్లు నిలబడ్డాయి. ఒక్కదానికీ ఇంజను లేదు. వెనక అద్దాలు మాత్రం తళతళలాడుతున్నాయి. నిర్వాహకులకు ఇది కొత్తేమీ కాదు. కారుకు నలుగురు చొప్పున తోసేవాళ్ళను ముందే మాట్లాడి ఉంచారు. అద్దం మీద రాసుకునేంత పేరు లేనివాళ్ళనే ఆ పనికి తీసుకోవాలి. వాళ్ళ బరువు లెక్కలోకి రాదు. సింహాచలం కారుకు మస్తాన్, ఇంకో ముగ్గురు పడ్డారు.

జెండా ఊగింది. కారు కదిలింది. తలుపుల్లేని చోటునుంచి చల్లగాలి మొహానికి కొట్టింది. ఇన్నేళ్ళ కోరిక తీరుతోంది. పక్క కారులోంచి సంఘం అధ్యక్షుడు చెయ్యూపాడు.

"చూశావా మస్తానూ! ఎంత తేలిగ్గా పోతోందో!" అన్నాడు సింహాచలం, తల వెనక్కి తిప్పకుండానే.

మస్తాన్ అద్దానికి రెండు చేతులూ ఆనించి, రొప్పుతూ తోస్తున్నాడు.

"ఎక్కి కూర్చున్నోళ్ళకి తేలిగ్గానే ఉంటాదండి. ఆ నూట నలభై తోసేది మేం కదా."